రాహులుడు అడిగిన ఆస్తి

 

మీ పిల్లలు మైపాడు ఒడ్డున ఇసుకలో ఆడుకుంటుంటే వాళ్లకి రాహులుడి సంగతి చెప్పండి. బుద్ధుడి కొడుకు. ఏడేళ్లకే విహారంలో చేరి, సంఘంలో మొదటి సామణేరుడు అయినవాడు.

బుద్ధుడు కపిలవస్తుకి వచ్చినప్పుడు యశోధర కొడుకుని పిలిచి, తండ్రి దగ్గరికెళ్లి ఆస్తి అడగమంది. పిల్లవాడు వెంటపడి అడిగాడు. బుద్ధుడి దగ్గర ఉన్న ఆస్తి ధమ్మమే గదా! కొడుకుని సారిపుత్తుడికి అప్పగించి దీక్ష ఇప్పించాడు. తాత శుద్ధోదనుడు కుమిలిపోయాడు. తల్లిదండ్రులు ఒప్పుకోకుండా ఇకమీదట ఏ బిడ్డకీ దీక్ష ఇవ్వొద్దని అడిగాడు. బుద్ధుడు సరేనని ఆ నియమం పెట్టాడు. రాహులుణ్ని తండ్రి ముందుకి తెచ్చిన ఆ ఘట్టాన్ని మన అమరావతి శిల్పులు రాతిలో చెక్కారు.

విహారంలో రాజుగారి మనవడని గారాబం లేదు. సామణేరులు భిక్షువులతో ఒకచోట పడుకోకూడదని నియమం వచ్చింది. కోసంబిలో ఆ రాత్రి రాహులుడికి చోటు దొరకలేదు. ఎవర్నీ ఏమీ అనకుండా మరుగుదొడ్లో పడుకున్నాడు. తెల్లవారుజామున బుద్ధుడు చూశాడు. తన కొడుకు ఒక్కడికే మినహాయింపు ఇచ్చాడా? లేదు. నియమాన్నే సడలించి, రెండు మూడు రాత్రులు కలిసి పడుకోవచ్చని అందరికీ వర్తింపజేశాడు. పుట్టుకని చూసి మనవాళ్లని మరుగుదొడ్ల పనికి కట్టేసిన దేశం ఇది. సంఘంలో పుట్టుక లెక్కలోకి రాలేదని పిల్లలకి చెప్పండి.

ఇంకోసారి, రాజగృహం దగ్గర, బుద్ధుడు కాళ్లు కడుక్కుని పాత్రలో కాసిని నీళ్లు మిగిల్చాడు. తెలిసీ సిగ్గులేకుండా అబద్ధమాడేవాడిలో మంచి అంతే మిగులుతుందని చూపించాడు. నీళ్లు పారబోశాడు. పాత్ర బోర్లించాడు. అద్దంలో మొహం చూసుకున్నట్టు, ఏ పనైనా చేసేముందు, చేస్తుండగా, చేశాక కూడా చూసుకోమన్నాడు. భిక్షువులూ ఉపాసకులూ తరచు వినాల్సిన బోధల్లో అశోకుడు తన బైరాట్ శాసనంలో దీన్నీ చేర్చాడు.

రాహులుడు రోజూ పొద్దున్నే గుప్పెడు ఇసుక ఎగరేసి, ఇన్ని రేణువులన్ని మంచి మాటలు ఇవాళ వినాలని కోరుకునేవాడని అట్ఠకథలు చెబుతాయి. నేర్చుకోవాలన్న తపనలో అతనే ముందని బుద్ధుడు మెచ్చుకున్నాడు. పెద్దయ్యాక సావత్థి దగ్గర అంధవనంలో అరహంతుడయ్యాడు.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో అబద్ధమాడననే మాటా ఉంది. మన పిల్లలకి ఎకరాలు ఇవ్వలేకపోవచ్చు, ఇది ఇవ్వగలం. రేపు మీవాడు తప్పు చేసి నిజం చెబితే చెయ్యెత్తకండి. ఓ చెంబు నీళ్లు తెచ్చి రాహులుడి కథ మొదలుపెట్టండి.