పేరు ఎవరికి చెందాలి?
డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

నేటి విజ్ఞాన పరిశోధన ఏ ఒక్కరి చేతిమీదుగానో పూర్తి కావడం అరుదు. పలువురు కలసి శ్రమిస్తారు. ఫలితం ఒక పత్రంగా వెలువడుతుంది. ఆ పత్రంపై ఎవరెవరి పేర్లు ఉండాలన్న ప్రశ్న అప్పుడు తలెత్తుతుంది. ఈ ప్రశ్నలోని మంచిచెడులను తరచి చూడడానికి మన తెలుగువారైన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం చక్కని ఉదాహరణ.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ ప్రయత్నంలో గాని ఉత్తీర్ణులు కాలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధి బలిగొన్నది. రోగాలకు మందులు కనుగొనాలన్న దీక్షతో 1923లో ఆయన అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు.

హార్వర్డ్ వైద్య విద్యాలయంలో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రజ్ఞునితో కలసి పనిచేశారు. రక్తంలో, మూత్రంలో ఉండే భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే విధానాన్ని వారిరువురు 1925లో ప్రకటించారు. నేటికీ అది ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగానే ప్రసిద్ధం. 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్ స్వరూపాన్ని, 1929లో జీవకణానికి శక్తినిచ్చే ఏ.టి.పి.ని వెల్లడించిన పత్రాలలోనూ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా ఏ.టి.పి.ని కనుగొన్నారు. కనుక ఆ కీర్తిలో ఆయనకూ న్యాయమైన భాగం ఉన్నది.

పత్రంపై పేరు నిలిచినా హార్వర్డ్‌లో సుబ్బారావుగారికి శాశ్వత పదవి లభించలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలు ఫిస్క్ కారణంగా వెలుగు చూడలేదనీ, వాటిని ఇతరులు ఏళ్ల తరువాత మళ్లీ కనుగొనవలసి వచ్చిందనీ, తరువాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ చెప్పారు. పేరు దక్కకపోవడం ఒక వ్యక్తికి నష్టం. పని మరుగున పడడం లోకానికే నష్టం.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రం పెరల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, పిమ్మట పరిశోధన విభాగానికి సంచాలకులైనారు. అక్కడ ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైంది. 1946లో ఆ విషయం ప్రకటించిన పత్రంలో పదిమందికి పైగా పేర్లున్నాయి. సంచాలకుని పేరు వారి నడుమ ఒకటిగా ఒదిగిపోయింది. బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అక్కడి నుండే వచ్చింది. లెడర్లీ రసాయన శాస్త్రజ్ఞులు రూపొందించిన అమినోప్టెరిన్‌తో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్త కేన్సర్ సోకిన పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించారు. 1948 నాటి ఆ పత్రానికి రచయితలు బోస్టన్ వైద్యులే. అదే సంవత్సరం ఆరియోమైసిన్‌ను లోకానికి తెలిపిన పత్రంపై బెంజమిన్ డగ్గర్ పేరు మాత్రమే ఉన్నది.

ఈ చివరి విషయంలో మనం తొందరపడరాదు. సుబ్బారావుగారిపై అభిమానంతో ఆరియోమైసిన్‌ను ఆయనే కనుగొన్నారని మనలో కొందరు వ్రాస్తుంటారు. మట్టి నమూనాలను ఓపికగా పరీక్షించి ఆ బాక్టీరియా జాతి సూక్ష్మజీవిని గుర్తించినది డెబ్బై ఏళ్లు దాటిన డగ్గర్. ఆ అన్వేషణకు మార్గం, వసతి, ధైర్యం సమకూర్చినది సుబ్బారావుగారు. ఒకరి శ్రమను మరొకరికి కట్టబెట్టడం, అది మనవాడి కోసమే అయినా, అన్యాయమే.

1948 ఆగస్టులో, 53వ ఏట, సుబ్బారావుగారు పెరల్ రివర్‌లో కన్నుమూశారు. స్వదేశంలో ఆయన పేరు చాలాకాలం కొద్దిమందికే తెలుసు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మారక తపాలా బిళ్ల విడుదల చేసింది.

తన పేరును తాను వెనుకకు జరుపుకొనడం ఔదార్యం. ఇతరులు దానిని వెనుకకు నెట్టడం అపహరణం. కాని ఉదారులున్నారు గదా అని న్యాయాన్ని వారి మంచితనానికే వదలివేయరాదు. ఆలోచన ఎవరిది, ప్రయోగం ఎవరిది, వ్రాసినది ఎవరు అన్నది పని ఆరంభించిన నాడే మాట్లాడుకొని, ముగిసిన నాడు మరొకసారి సరిచూచుకొనడం ఉత్తమం. ముగ్గురు విద్యార్థులు కలసి చేసిన చిన్న ప్రయోగానికైనా, పెద్ద విశ్వవిద్యాలయపు గ్రంథానికైనా ఈ నియమం ఒక్కటే.