చిత్రకారుడు దామెర్ల రామారావు

ఆంధ్రదేశమున చిత్రకళకు నూతన జీవము పోసినవారిలో దామెర్ల రామారావుగారు ప్రథమగణ్యులు. వీరు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి.

ఆ కాలమున అచ్చటి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రధానాధ్యాపకుడుగ నుండెను. ఆయన స్వయముగ చిత్రకారుడు. విద్యార్థులకు ప్రకృతిని కన్నులార చూచి వ్రాయుట నేర్పెను. పిమ్మట మన బందరు జాతీయ కళాశాలకు ప్రధానాధ్యాపకులైన అడివి బాపిరాజుగారును ఆయన శిష్యులే. కూల్డ్రే దొర ప్రోత్సాహమున రామారావుగారు 1916లో బొంబాయి చేరి, సర్ జె. జె. చిత్రకళాశాలయందు విద్య నభ్యసించిరి.

రంగులు పూయుటకు ముందు చేయవలసిన పని చాల గలదు. మొదట బొగ్గుకడ్డీతోగాని పెన్సిలుతోగాని ఆకారమును నిలుపవలెను. బూడిదవన్నె కాగితముపై వ్రాయునప్పుడు నీడకు బొగ్గును, వెలుగునకు తెల్లసుద్దయు చాలును. నడిమి ఛాయను కాగితమే యిచ్చును. ఫ్రాన్సు దేశమున రంగుసుద్దలతో ముఖచిత్రములు వ్రాసి ప్రసిద్ధిగాంచిన మోరిస్ కాంతెన్ ద లాతూర్ (1704-1788) సైతము ముందుగ ముఖమును మాత్రము వేరు కాగితముపై సుద్దతో వ్రాసి చూచుకొనుచుండెను. రంగుసుద్ద పొడియై రాలునది గనుక అట్టి చిత్రములను అద్దము చాటున భద్రపరతురు.

రామారావుగారును గీతను నమ్మిన చిత్రకారులు. బొంబాయిలో నేర్చిన పాశ్చాత్య పద్ధతితో తృప్తి నొందక, అజంతా మొదలగు తావులను దర్శించి, భారతీయ రేఖాసౌందర్యమును తమ కుంచెకు అలవరచుకొనిరి. 1923లో రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను స్థాపించి, తాము నేర్చినదానిని ఇతరులకు పంచిరి.

అంతలో మశూచికము సోకెను. 1925 ఫిబ్రవరి 6వ తేదీన, ఇరువదియెనిమిదేండ్లైనను నిండకమునుపే, వీరు పరమపదించిరి. భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రకారిణులే. మిత్రులగు వరదా వెంకటరత్నముగారు వీరి పేరు నిలుపుటకు మిక్కిలి పాటుపడిరి. రాజమహేంద్రవరమున వీరి పేర వెలసిన చిత్రశాలలో వర్ణచిత్రములతోపాటు పెన్సిలు చిత్తుగీతలును భద్రపరుపబడినవి.

విద్యార్థులారా! విజయవాడనుండి గోదావరీతీరమునకు పోవునపుడు ఆ చిత్తుగీతలను తప్పక చూడుడు. పూర్తియైన చిత్రమున ఫలము కనబడును. చిత్తుగీతయందు సాధన కనబడును. దేవుడిచ్చిన తలాంతును పాతిపెట్టక, కొలదికాలములోనే వృద్ధిచేసిన యా మహనీయుని జీవితము మనకు మార్గదర్శకమగు గాక.