బహుభాషావేత్త, ప్రజాసేవకుడు: శ్రీ బూర్గుల రామకృష్ణారావు

గద్వాల కోటను, వనపర్తి రాజప్రాసాదాన్ని చూడని విద్యార్థి మన ప్రాంతంలో అరుదు. సంస్థానాధీశుల పేర్లను, వారు పోషించిన కవిపండితుల పేర్లను పెద్దల నోట వింటూ పెరిగినవారమే మనమందరం. కాని ఈ పాలమూరు నేలపైనే పుట్టి, రాజుల ఆజ్ఞకు బదులు ప్రజాప్రతినిధుల శాసనం అమలుకు వచ్చిన తొలినాళ్లలో ప్రభుత్వ పగ్గాలు పట్టిన శ్రీ బూర్గుల రామకృష్ణారావుగారి సంగతి నేటి విద్యార్థులలో కొద్దిమందికే తెలుసు. పూర్వపు హైదరాబాదు రాష్ట్రానికి శాసనసభ ఎన్నుకున్న ముఖ్యమంత్రి ఆయన ఒక్కరే. అటుపిమ్మట రెండు రాష్ట్రాలకు గవర్నరుగాను, రాజ్యసభ సభ్యులుగాను పనిచేశారు. ఉర్దూ, తెలుగు రెండింటినీ సమానంగా ఆదరించే మనవంటి కళాశాలకు ఆయన జీవితం ప్రత్యేకంగా పరిశీలింపదగినది.

రామకృష్ణారావుగారు 1899వ సంవత్సరం మార్చి 13వ తేదీన నాటి కల్వకుర్తి తాలూకాలోని పడకల్లు గ్రామంలో జన్మించారు. వారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. షాద్‌నగర్ సమీపంలోని బూర్గుల గ్రామం పేరే కాలక్రమాన ఇంటిపేరై స్థిరపడింది. హైదరాబాదులో ప్రాథమిక విద్యాభ్యాసం తరువాత ఆయన పూనాలోని ఫెర్గూసన్ కళాశాలలో చదివి, బొంబాయి విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్రంలో పట్టం పొందారు. 1920 దశకం మధ్యలో హైదరాబాదుకు తిరిగివచ్చి న్యాయవాద వృత్తి చేపట్టారు.

ఆనాటి నిజాం రాజ్యంలో న్యాయస్థానాల భాష ఉర్దూ. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష కూడా ఉర్దూయే. జనాభాలో అధికసంఖ్యాకులు మాట్లాడేవి తెలుగు, మరాఠీ, కన్నడ భాషలు. ఈ పరిస్థితిలో కొందరు ఉర్దూను ద్వేషించారు. మరికొందరు ఉర్దూ నేర్చి మాతృభాషను మరచారు. రామకృష్ణారావుగారు ఈ రెండు మార్గాలనూ అనుసరించలేదు. న్యాయస్థానంలో ఉర్దూలో వాదించేవారు. ఇంటికి వచ్చి తెలుగులోను, సంస్కృతంలోను పద్యరచన చేసేవారు. పారశీక సాహిత్యంలో ఆయన పాండిత్యం మౌల్వీల మన్నన పొందినది. జగన్నాథ పండితరాయల కృతులను, శంకరాచార్యుల సౌందర్యలహరిని తెలుగు చేశారు. ఆయన సాహిత్య వ్యాసాలు సారస్వత వ్యాస ముక్తావళి పేరిట వెలువడ్డాయి. మరాఠీ, కన్నడ, హిందీ, ఇంగ్లీషు భాషలు సైతం ఆయనకు సుపరిచితాలు. తరువాతి కాలంలో భారత ప్రధానమంత్రి అయిన శ్రీ పి.వి. నరసింహారావుగారు యువకుడుగా ఆయన వద్దనే జూనియరు న్యాయవాదిగా పనిచేశారు. ఆ శిష్యుడు కూడా బహుభాషావేత్తగా ప్రసిద్ధికెక్కడం గమనింపదగిన విషయం.

ప్రజాజీవితంలోనికి ఆయనను తీసుకువచ్చినది భాషాభిమానమే. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తకు అవమానం జరిగిన పిమ్మట ఆంధ్ర జనసంఘం పుట్టింది. దాని నుండి క్రమంగా ఆంధ్ర మహాసభ రూపొందింది. 1930లో జోగిపేటలో జరిగిన తొలి మహాసభకు మన ప్రాంతీయుడే అయిన సురవరం ప్రతాపరెడ్డిగారు అధ్యక్షత వహించగా, 1931లో దేవరకొండలో జరిగిన రెండవ మహాసభకు రామకృష్ణారావుగారు అధ్యక్షులయ్యారు. రెండు మహాసభలకు వరుసగా పాలమూరు బిడ్డలే అధ్యక్షులు కావడం మనకు గర్వకారణం. ప్రభుత్వానుమతి లేనిదే సభ జరుపరాదనే గస్తీ నిషాన్ 53 అమలులో ఉన్న రోజులవి. వెట్టిచాకిరి నిర్మూలన, మాతృభాషలో ప్రాథమిక విద్య, స్త్రీవిద్య వంటి విషయాలపై తీర్మానం చేయడమే సాహసంగా ఉండేది. అటుపిమ్మట ఆయన హైదరాబాదు స్టేట్ కాంగ్రెసులో ప్రముఖులై, స్వాతంత్ర్యోద్యమంలో కారాగారవాసం అనుభవించారు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో విలీనమయింది. 1949లో జాగీర్ల రద్దు జరిగింది. 1950లో శ్రీ వెల్లోడి ముఖ్యమంత్రిగా ఉన్న మంత్రివర్గంలో రామకృష్ణారావుగారు రెవిన్యూ, విద్యాశాఖల మంత్రిగా చేరారు. ఆ సంవత్సరమే హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయభూముల చట్టం అమలులోనికి వచ్చింది. తెలంగాణా గ్రామాలలో భూమికోసం రక్తం చిందిన కాలమది. నిర్ణీతకాలం పాటు ఒకే భూమిని సాగుచేసిన కౌలుదారును రక్షిత కౌలుదారుగా గుర్తించి, ఇష్టానుసారం తొలగించడానికి వీలులేకుండా చేయడం ఆ చట్టం ముఖ్యోద్దేశం. దున్నేవానికి కాగితంపై హక్కు దొరకడం ఈ ప్రాంతపు చరిత్రలో పెద్ద మార్పు.

1952 సార్వత్రిక ఎన్నికలలో రామకృష్ణారావుగారు షాద్‌నగర్ నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. అదే సభకు వనపర్తి నుండి సురవరం ప్రతాపరెడ్డిగారు ఎన్నికైనారు. 175 స్థానాలలో 93 కాంగ్రెసుకు దక్కాయి. కమ్యూనిస్టులు పాల్గొన్న పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ 42 స్థానాలతో బలమైన ప్రతిపక్షమయింది. 1952 మార్చి 6న రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారం చేశారు. ఆ శాసనసభలో తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ భాషలవారు ఒకేచోట కూర్చొన్నారు. అన్ని భాషలూ తెలిసిన నాయకుడు లభించడం ఆ సభ అదృష్టం.

అయితే అధికారం చేపట్టిన ఆరు మాసాలకే కఠిన పరీక్ష ఎదురయింది. ఉద్యోగాలలో స్థానికులకు న్యాయం జరగడం లేదని, స్థానికేతరులు తప్పుడు పత్రాలతో చేరుతున్నారని విద్యార్థులు ఆందోళన ప్రారంభించారు. 1952 సెప్టెంబరు తొలివారంలో హైదరాబాదు సిటీ కాలేజీ ప్రాంతంలో పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు ప్రాణాలు కోల్పోయారు. ప్రభుత్వం ముల్కీ నిబంధనల పరిశీలనకు మంత్రివర్గ ఉపసంఘాన్ని నియమించింది. కాల్పులపై న్యాయమూర్తి పింగళి జగన్మోహన్ రెడ్డిగారిచే విచారణ జరిపించింది. విద్యార్థులపై తుపాకులు పేలిన ఆ దినాలు ఆయన పాలనపై మాయని మచ్చగా మిగిలాయి. మహనీయుల జీవితాలు చదివేటప్పుడు ఇటువంటి ఘట్టాలను దాటవేయడం న్యాయం కాదు.

శాసనకర్తగా ఆయన పేరు నిలబెట్టినది 1954లో కౌలుదారీ చట్టానికి చేసిన సవరణ. కుటుంబ కమతమనే కొలమానాన్ని ఈ చట్టం ఏర్పరచింది. ఒక కుటుంబం సగటున జీవించడానికి అవసరమైన భూమి ఎంతో ప్రాంతాన్ని, నేల స్వభావాన్ని బట్టి నిర్ణయించి, దానికి నాలుగున్నర రెట్లను గరిష్ఠ పరిమితిగా విధించారు. దేశంలో భూపరిమితిని శాసనంలో చేర్చిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి. రక్షిత కౌలుదారునికి యాజమాన్యహక్కు సంక్రమింపజేసే 38-ఇ నిబంధన కూడా ఈ చట్టంలోనిదే.

ఆచరణ ఎట్లా సాగింది? ఆచార్య ఎ.ఎం. ఖుస్రో పూర్వపు జాగీరు గ్రామాలలో పరిశోధన జరిపి, 1958లో ఫలితాలు ప్రకటించారు. 1951లో రక్షిత కౌలుదారులుగా నమోదైన ప్రతి 100 మందిలో నాలుగేళ్లు తిరిగేసరికి సుమారు 45 మంది మాత్రమే ఆ హోదాలో మిగిలారు. 12 మంది భూమి కొనుక్కొని యజమానులయ్యారు. సుమారు 22 మందిని చట్టవిరుద్ధంగా వెళ్లగొట్టారు. సుమారు 18 మంది స్వచ్ఛందంగా వదులుకొన్నట్లు కాగితాలు చెబుతున్నాయి. భూస్వామి ఇంటి ముందు చేతులు కట్టుకొని నిలబడే కౌలుదారు స్వచ్ఛందంగా భూమిని వదులుకోవడమంటే ఏమిటో పల్లె నుండి వచ్చిన విద్యార్థులకు వివరించనక్కరలేదు. 38-ఇ నిబంధన తెలంగాణా అంతటా అమలులోనికి రావడానికి 1973 వరకు ఆగవలసివచ్చింది. చట్టం మంచిదే, పటేలు, పట్వారీల చేతిలోని రికార్డుల ద్వారా అది రైతుకు చేరవలసిరావడమే దాని బలహీనత. చట్టం తెచ్చిన కీర్తి రామకృష్ణారావుగారికి ఎంత చెందుతుందో, దానిని గట్టిగా అమలుజరుపలేకపోయిన లోపంలో ఆయన ప్రభుత్వానికి అంత భాగమూ ఉన్నది.

తరువాతి పెద్ద సమస్య రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ. ఫజల్ అలీ సంఘం 1955 సెప్టెంబరు 30న నివేదిక సమర్పిస్తూ తెలంగాణాను కొంతకాలం ప్రత్యేక రాష్ట్రంగా ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తరువాత అక్కడి శాసనసభ మూడింట రెండువంతుల మెజారిటీతో అంగీకరిస్తేనే ఆంధ్రతో కలపాలని సూచించింది. తెలంగాణా ప్రజలలో అధికులు ప్రత్యేక రాష్ట్రాన్నే కోరుతున్నారని రామకృష్ణారావుగారు కాంగ్రెసు అధ్యక్షులు శ్రీ ఢేబర్‌కు లేఖ వ్రాశారు. తరువాత పార్టీ అధిష్ఠానం నిర్ణయాన్ని శిరసావహించి విశాలాంధ్రను బలపరచారు. 1955 డిసెంబరు 3న ముగిసిన చర్చలో అభిప్రాయం వెల్లడించిన 147 మంది హైదరాబాదు శాసనసభ్యులలో 103 మంది విశాలాంధ్రను సమర్థించారు. 29 మంది వ్యతిరేకించారు. 15 మంది తటస్థంగా ఉన్నారు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై తెలంగాణా పక్షాన రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావుగార్లు సంతకాలు చేశారు. ప్రాంతీయ మండలి, ఉద్యోగాలలో పన్నెండేళ్ల నివాస నియమం, తెలంగాణా మిగులు నిధులను తెలంగాణాకే వినియోగించడం అందులోని ముఖ్యాంశాలు. తెలంగాణాలోని పరిపాలనలో, న్యాయస్థానాలలో ఉర్దూకు ఉన్న స్థానం అయిదేళ్లు కొనసాగాలన్న షరతు కూడా ఆ ఒప్పందంలో ఉన్నది. ఉర్దూ చదువుకొన్న వేలాది గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వకీళ్లు ఒక్క రోజులో నిరక్షరాస్యులతో సమానం కాకుండా ఈ షరతు వెసులుబాటు కల్పించింది. ఒప్పందంలోని హామీలు సక్రమంగా అమలు కాలేదన్న ఆవేదన 1969లో ఉద్యమంగా పెల్లుబికింది. 2014 జూన్ 2న తెలంగాణా ప్రత్యేక రాష్ట్రమయింది. ఢేబర్‌కు వ్రాసిన లేఖలోని అభిప్రాయం వాస్తవానికి దగ్గరగా ఉన్నదని కాలం నిరూపించింది. ఆ అభిప్రాయంపై ఆయన ఎందుకు నిలబడలేదన్న ప్రశ్న నేటికీ చరిత్రకారులను వేధిస్తూనే ఉన్నది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా, అదే మాసంలో ఆయన కేరళ గవర్నరుగా నియమితులయ్యారు. 1957లో అక్కడ శ్రీ ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ నాయకత్వాన కమ్యూనిస్టు ప్రభుత్వం ఎన్నికయింది. ఆ ప్రభుత్వం తెచ్చిన విద్యాబిల్లు ప్రైవేటు ఉపాధ్యాయుల జీతాలకు, ఉద్యోగాలకు భద్రత కల్పించింది. అదే సమయంలో పాఠశాలల నిర్వహణను స్వాధీనం చేసుకొనే అధికారాన్ని కూడా ప్రభుత్వానికి ఇచ్చింది. రామకృష్ణారావుగారు ఆ బిల్లును ఆమోదించక, తిరస్కరించక, రాష్ట్రపతి పరిశీలనకు పంపారు. రాష్ట్రపతి దానిని సుప్రీంకోర్టు అభిప్రాయానికి నివేదించారు.

1958 మే మాసంలో సుప్రీంకోర్టు వెలిబుచ్చిన అభిప్రాయం మన కళాశాల పాలకసంఘం సభ్యులు, విద్యార్థులు తప్పక తెలుసుకోవలసినది. అల్పసంఖ్యాక వర్గాలు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కు రాజ్యాంగంలోని 30వ అధికరణం ఇచ్చినదని, ప్రభుత్వం ఇచ్చే గ్రాంటుకు షరతులు విధించే నెపంతో ఆ హక్కును హరించరాదని న్యాయస్థానం పేర్కొన్నది. అయితే నిర్వహించుకొనే హక్కులో సంస్థను దుర్వినియోగం చేసే హక్కు లేదని, విద్యాప్రమాణాల కోసం, ఉపాధ్యాయుల శ్రేయస్సు కోసం న్యాయమైన నియమాలు ప్రభుత్వం విధించవచ్చునని కూడా స్పష్టం చేసింది. మన వంటి సంస్థలు నిలిచి ఉండడానికి ఆధారభూతమైన అధికరణానికి తొలి సమగ్ర వ్యాఖ్యానం ఇదే. దానికి దారితీసిన గవర్నరు చర్య మన పాలమూరు ప్రాంతీయునిది కావడం విశేషం.

అదే రాష్ట్రంలో ఆయన మరొక చర్య తీవ్ర విమర్శకు గురయింది. విమోచన సమరం పేరిట చెలరేగిన ఆందోళనల నడుమ ఆయన పంపిన నివేదిక ఆధారంగా 1959 జూలై 31న కేంద్రం ఆ మంత్రివర్గాన్ని తొలగించింది. శాంతిభద్రతలు క్షీణించాయని ఒక పక్షం, సభలో మెజారిటీ ఉన్న ప్రభుత్వాన్ని పడగొట్టడం ప్రజాస్వామ్యానికి గొడ్డలిపెట్టని మరొక పక్షం వాదించాయి. శాసనసభలో కూర్చొని వచ్చిన వ్యక్తి చేతుల మీదుగానే ఇది జరగడం శోచనీయమని చెప్పక తప్పదు. 356వ అధికరణం వినియోగానికి సుప్రీంకోర్టు గట్టి హద్దులు ఏర్పరచడం 1994లో బొమ్మై కేసులో గాని జరుగలేదు.

1960 నుండి 1962 వరకు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా, 1962 నుండి 1966 వరకు రాజ్యసభ సభ్యులుగా పనిచేసి, 1967 సెప్టెంబరులో ఆయన పరమపదించారు.

విద్యార్థి మిత్రులారా! ఈ జీవితంలో ప్రశంసింపదగినవి అనేకం; ప్రశ్నింపదగినవీ ఉన్నాయి. కౌలుదారుకు హక్కు కల్పించిన చేతులతోనే ఆయన ఎన్నికైన ప్రభుత్వాన్ని తొలగించమని నివేదిక వ్రాశారు. తన ప్రాంతపు మనసెరిగి లేఖ వ్రాసినవారే దానికి భిన్నమైన నిర్ణయాన్ని బలపరచారు. కాని భాషల విషయంలో మాత్రం ఆయన జీవితంలో వైరుధ్యం కానరాదు. తెలుగు తన తల్లిభాష అని, ఉర్దూ పరాయిది కాదని ఆయన తుదివరకు ఆచరించి చూపారు. మన రాష్ట్రంలో 2017లో ఉర్దూ రెండవ అధికారభాషగా గుర్తింపు పొందినప్పటికీ, ఆ గుర్తింపు నిలిచేది గెజెట్టులో కాదు. ఉర్దూ మాధ్యమపు విద్యార్థి తెలుగులో ఒక దరఖాస్తు తప్పులేకుండా వ్రాయగలిగిననాడు, తెలుగు మాధ్యమపు విద్యార్థి ఉర్దూ అక్షరమాల నేర్చుకొన్ననాడు అది నిలుస్తుంది. ఆ పని ఈ కళాశాల ప్రాంగణంలోనే, ఈ సంవత్సరమే ఆరంభం కావాలని, పాలకసంఘం పెద్దలు అందుకు తోడ్పడాలని ఆశిస్తున్నాను.