నైజీరియా జాతీయోద్యమ వైతాళికుడు హెర్బర్ట్ మెకాలే

పశ్చిమ ఆఫ్రికా తీరాన, అట్లాంటిక్ మహాసముద్రానికీ ఉప్పునీటి కయ్యలకూ నడుమ వెలసిన ద్వీపనగరం లాగోసు. స్థానికులు దానిని ఎకో అని పిలుచుకొంటారు. 1851 డిసెంబరులో బ్రిటిషు నౌకాదళం ఆ నగరంపై ఫిరంగులు పేల్చి, తమకు అనుకూలుడైన అకితోయేను గద్దెపై కూర్చోబెట్టింది. పదేళ్లు నిండకముందే, 1861 ఆగస్టులో, అకితోయే కుమారుడు దోసున్ము చేత ఒక ఒడంబడికపై సంతకం చేయించి లాగోసును తన వలసరాజ్యంగా మార్చుకొన్నది. బానిస వ్యాపారాన్ని రూపుమాపడమే తమ సంకల్పమని ఆంగ్లేయులు చాటుకొన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. తాటినూనె వర్తకంపై ఆశా లేకపోలేదు.

ఒడంబడిక తరువాత లాగోసు రాజుకు మిగిలినవి కొంత భరణమూ, రాజలాంఛనంగా ఒక దండమూ మాత్రమే. అయితే ఆ ఒక్క సంతకంతో నగరపు నేల యావత్తూ విక్టోరియా రాణి సొత్తయిపోయిందా, లేక పరిపాలనాధికారం మాత్రమే చేతులు మారిందా? ఈ ప్రశ్న అరవై ఏళ్లపాటు తేలకుండా ఉండిపోయింది. దానిని తేల్చుకొనడానికి సముద్రాలు దాటి లండను నగరానికి వెళ్లినవారిలో ముఖ్యుడు హెర్బర్ట్ శామ్యూల్ హీలాస్ మెకాలే.

మెకాలే 1864 నవంబరు 14న లాగోసులో జన్మించాడు. ఆయన తల్లి అబిగేల్ బిషప్ శామ్యూల్ అజాయి క్రౌదర్ కుమార్తె. క్రౌదర్ జీవితం ఒక మహాగాథ. 1821 ప్రాంతంలో, బాల్యం వీడని వయసులో బానిసల వేటగాళ్ల చేతికి చిక్కి పోర్చుగీసు ఓడకు అమ్ముడుపోయిన ఆయనను మరుసటి ఏడాది బ్రిటిషు నౌక ఒకటి విడిపించి సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌనులో దించింది. అక్కడ చదువుకొని, క్రైస్తవం స్వీకరించి, బైబిలును తన మాతృభాష యోరుబాలోనికి అనువదించడంలో ప్రధానపాత్ర వహించి, 1864లో ఆంగ్లికన్ చర్చిలో తొలి ఆఫ్రికన్ బిషప్‌గా ఆయన అభిషిక్తుడయ్యాడు. మనుమడు పుట్టినదీ ఆ సంవత్సరమే.

తండ్రి పేరు థామస్ బాబింగ్టన్ మెకాలే. భారతదేశంలో ఆంగ్ల విద్యకు బాటవేసిన 1835 నాటి నివేదికను రచించిన ప్రభువు పేరు కూడా అక్షరాలా ఇదే కావడం మన పాఠకులకు వింతగా తోచవచ్చు. ఆ ప్రభువు తండ్రి జకరీ మెకాలే బానిసత్వ నిర్మూలనకు పాటుపడినవాడు. పద్దెనిమిదో శతాబ్ది చివర సియెర్రా లియోన్‌కు గవర్నరుగా పనిచేశాడు. విముక్తులైన ఆఫ్రికన్ కుటుంబాలలో ఆ ఇంటిపేరు నిలిచిపోయింది. లాగోసు మెకాలే కూడా విద్యాదాతే. 1859లో ఆయన స్థాపించిన సి.ఎం.ఎస్. గ్రామర్ స్కూలు నైజీరియాలో మొట్టమొదటి ఉన్నత పాఠశాల.

హెర్బర్ట్‌కు పదమూడేళ్ల వయసులోనే పితృవియోగం కలిగింది. చదువు ముగించి 1881లో ప్రభుత్వ పనుల శాఖలో గుమస్తాగా చేరాడు. ఆయన చురుకుదనాన్ని గుర్తించిన ప్రభుత్వం 1890లో తన ఖర్చుతో ఇంగ్లండుకు పంపగా, ప్లిమత్‌లో సివిల్ ఇంజనీరింగు అభ్యసించాడు. ఆయన అక్కడ ఉన్న కాలంలోనే తాతగారికి పరాభవం జరిగింది. ఇంగ్లండు నుండి వచ్చిన యువ మతప్రచారకులు నైజర్ నదీ ప్రాంతంలో క్రౌదర్ నెలకొల్పిన సంఘాన్ని ఆయన చేతుల నుండి తప్పించారు. ఆఫ్రికన్ బోధకులను పనుల నుండి తొలగించారు. మనస్తాపంతోనే ఆ వృద్ధుడు 1891 డిసెంబరు 31న కన్నుమూశాడు. ఆయన స్థానంలో ఆంగ్లేయుడే బిషప్ అయ్యాడు. తెల్లవారి మతాన్నీ విద్యనూ మనసారా నమ్మిన కుటుంబానికి ఆ నమ్మకానికి హద్దు ఎక్కడ ఉన్నదో ఈ సంఘటన చూపింది.

1893లో స్వదేశానికి తిరిగివచ్చిన మెకాలే ప్రభుత్వ భూముల సర్వేయరుగా నియమితుడయ్యాడు. గొలుసు పట్టి నేలను కొలవడం, పటాలు గీయడం, పట్టాలు పరిశీలించడం ఆయన నిత్యకృత్యం. ఏ వీధి ఎవరి పెద్దలది, ఏ నేల ఏ కుటుంబానిది, ఏ స్థలం ఎప్పుడు సర్కారు పరమైంది అన్నవన్నీ ఆయనకు కరతలామలకమయ్యాయి. తరువాతి పోరాటాలకు ఆయుధాలను సర్కారువారే ఆయన చేతికి అందించారన్నమాట. ఒకే పని చేసే ఐరోపావారికి ఒక జీతం, ఆఫ్రికన్లకు వేరొక జీతం ఉండడం ఆయనకు మింగుడుపడలేదు. పట్టాల మంజూరులో ఆయన స్వప్రయోజనం చూసుకొన్నాడని పై అధికారులు ఆరోపించారు. ఆ వివాదాల నడుమ 1898లో రాజీనామా చేసి స్వంతంగా వృత్తి సాగించాడు.

ఆయన ఇల్లు కిర్‌స్టన్ హాల్ క్రమంగా నగరానికి రచ్చబండ అయింది. గుబురు మీసాలు, మెడకు బో టై, చేతిలో వయొలిన్‌తో దొరలా కనిపించే ఈ క్రైస్తవుని గుమ్మంలో ముస్లిం పెద్దలు, సంప్రదాయ నాయకులు, బజారులో సరుకులమ్మే స్త్రీలు బారులు తీరేవారు. సర్కారు వారి తాఖీదును వారికి చదివి చెప్పేదీ, దానికి జవాబు రాసేదీ ఆయనే. 1908లో రైలుమార్గ నిర్మాణంలోని దుబారాను ఎండగడుతూ కరపత్రం ప్రచురించాడు. నగరానికి కుళాయి నీరు తెచ్చి, ఆ ఖర్చును ప్రజలపై పన్నుగా వేయాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, బావి నీటితో తృప్తిపడే పేదలు ఐరోపావారి సౌకర్యానికి ఎందుకు చెల్లించాలని ప్రశ్నించినవారి పక్షాన నిలిచాడు.

1913లో ఆయనకు పెద్ద దెబ్బ తగిలింది. ఒక మృతురాలి ఆస్తికి ధర్మకర్తగా ఉండి ఆ ధనాన్ని దుర్వినియోగం చేశాడన్న అభియోగంపై న్యాయస్థానం రెండేళ్ల శిక్ష విధించింది. అందులో న్యాయమెంత, కక్ష ఎంత అన్న విషయంలో చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఆయన నిష్కళంకుడని చెప్పడానికి గాని, విచారణ నిష్పాక్షికంగా జరిగిందని చెప్పడానికి గాని తగిన ఆధారం లేదు. ఫలితం మాత్రం స్పష్టం. ఎన్నికలలో నిలబడే అర్హతను ఆయన శాశ్వతంగా కోల్పోయాడు.

అదే 1913లో, లాగోసుకు ఎదురుగా ఉన్న అపాపాలో ప్రభుత్వం ప్రజావసరాల పేరిట విశాలమైన భూమిని తీసుకొన్నది. ఆ నేల ఒలువా అనే పెద్దరికపు కుటుంబానిది. దాని యజమాని అమోదు తిజానీ పరిహారం కోరగా, ఆయనకున్నది పైపై పెత్తనమే కాని యాజమాన్యం కాదనీ, కాబట్టి ఆ మేరకే చెల్లిస్తామనీ స్థానిక న్యాయస్థానాలు తేల్చాయి. ఇది ఒక కుటుంబపు తగాదాగా కనిపించవచ్చు. కాని యోరుబా సంప్రదాయంలో నేల వ్యక్తిది కాదు. గతించినవారిదీ, బ్రతికున్నవారిదీ, పుట్టబోయేవారిదీ. పెద్ద దానికి కాపలాదారు మాత్రమే. అమ్ముకొనే హక్కు ఎవరికీ లేనంత మాత్రాన ఆ నేల ఎవరిదీ కాదని వాదిస్తే, పశ్చిమ ఆఫ్రికాలో ఆఫ్రికన్లకు సెంటు భూమి మిగలదు.

1920లో తిజానీ లండనుకు ప్రయాణమయ్యాడు. కార్యదర్శిగా, దుబాసిగా మెకాలే వెంట వెళ్లాడు. నాటి లాగోసు రాజు ఎషుగ్బాయి, దోసున్ము కుమారుడు, తన రాజదండాన్ని తిజానీ చేతికిచ్చి పంపాడు. లాగోసు రాజుకు ఎలెకో అని బిరుదు. ఆ దండం లండనులో అందరి దృష్టినీ ఆకర్షించింది. మెకాలే ఆ అవకాశాన్ని వదులుకోలేదు. ఎలెకో లక్షలాది నైజీరియన్లకు నాయకుడనీ, 1861 నాటి మాటను ఆంగ్లేయులు నిలుపుకోలేదనీ, రాజుకిచ్చే భరణం అత్యల్పమనీ పత్రికలకు తెలియజేశాడు. ఎలెకోకు లాగోసు దాటి అంత ఆధిపత్యం ఏనాడూ లేదు. మెకాలే మాటలలో అతిశయోక్తి ఉన్నది, అది ఆయన స్వభావమే.

లాగోసులోని ప్రభుత్వం మండిపడింది. మెకాలే మాటలతో తనకు సంబంధం లేదని నగరమంతటా చాటింపు వేయించాలని ఎలెకోను ఆదేశించింది. ఆ మాటలు చెప్పుమని తాను పురమాయించలేదని రాతపూర్వకంగా తెలుపడానికి రాజు వెనుదీయలేదు. కాని దండోరా వేయించడానికి మాత్రం ససేమిరా అన్నాడు. తన మనిషిని తన వీధులలో తన గంట మోగించి నిందించడం ఆయనకు సమ్మతం కాలేదు. 1920 చివరలో ప్రభుత్వం ఎలెకో గుర్తింపును రద్దుచేసింది.

మరుసటి ఏడాది, 1921 జూలైలో, ప్రీవీ కౌన్సిలు తీర్పు వెలువడింది. నాడు భారతదేశపు అప్పీళ్లను విన్నదీ ఆ న్యాయస్థానమే. పాలకుడు మారినంత మాత్రాన ప్రజల ఆస్తి హక్కులు పోవనీ, ఆంగ్ల చట్టపు కొలతలతో ఆఫ్రికన్ భూమి హక్కును కొలవరాదనీ, ఒలువా కుటుంబానికి పూర్తి యాజమాన్యం ఉన్నట్లే భావించి పరిహారం ఇవ్వాలనీ హాల్డేన్ ప్రభువు నిర్ణయించాడు. 22,500 పౌన్లు చేతికందాయి. సొమ్ము కంటె సూత్రం విలువైనది. 1992లో ఆస్ట్రేలియా ఆదివాసుల భూమి హక్కులను గుర్తించిన మాబో తీర్పులో కూడా అపాపా వ్యాజ్యం ప్రస్తావనకు వచ్చింది.

విజేతగా తిరిగివచ్చిన మెకాలేకు లాగోసు బ్రహ్మరథం పట్టింది. 1922 నాటి రాజ్యాంగం శాసనమండలిలో లాగోసుకు మూడు, కలబారుకు ఒక ఎన్నిక స్థానం ఇచ్చింది. ఏడాదికి 100 పౌన్ల ఆదాయం గల పురుషులకే ఓటు. అంతటి సంకుచితమైన వాకిలి నుండి కూడా లోపలికి వెళ్లవచ్చునని మెకాలే గ్రహించి, 1923లో నైజీరియన్ నేషనల్ డెమోక్రటిక్ పార్టీని స్థాపించాడు. లాగోసులోని మూడు స్థానాలనూ 1923, 1928, 1933 ఎన్నికలలో ఆ పక్షమే గెలిచింది. గెలిపించినవాడు మాత్రం ఒక్కనాడూ సభలో అడుగుపెట్టలేదు.

ఎలెకో కథ ఇంకా ముగియలేదు. 1925లో ఆయనను పదవీచ్యుతుణ్ణి చేసి ఓయో పట్టణానికి పంపివేశారు. మెకాలే తన లాగోస్ డైలీ న్యూస్ పత్రికలో ఆ అన్యాయాన్ని పట్టువిడువక రాశాడు. ప్రవాసం నుండి తిరిగివచ్చే రాజును హత్యచేయడానికి పన్నాగం ఉన్నదన్న వదంతిని 1928లో ప్రచురించినందుకు ఆరు నెలలు చెరసాల పాలయ్యాడు. వదంతిని వార్తగా అచ్చువేయడం పత్రికాధర్మం కాదనక తప్పదు. కాని న్యాయపోరాటం ఆగలేదు. 1931లో ప్రీవీ కౌన్సిలులో అట్కిన్ ప్రభువు ఇచ్చిన తీర్పు, ఒక వ్యక్తి స్వేచ్ఛను హరించే గవర్నరు సైతం ఆ చర్య చట్టబద్ధమని న్యాయస్థానం ఎదుట నిరూపించుకోవలసిందేనని స్పష్టం చేసింది. 1976లో అత్యవసర పరిస్థితి నాటి నిర్బంధాలపై భారత సుప్రీంకోర్టు జరిపిన ప్రసిద్ధ విచారణలో ఎలెకో వ్యాజ్యం చర్చకు వచ్చింది. 1931లో కొత్త గవర్నరు డొనాల్డ్ కామెరాన్ రాజీకి రాగా ఎలెకో తన నగరానికి చేరుకొన్నాడు. మరుసటి ఏడాదే మరణించాడు.

ఈ పోరాటాలన్నింటిలోనూ మెకాలే బ్రిటిషు సింహాసనాన్ని ధిక్కరించలేదు. రాజభక్తిని ప్రకటిస్తూనే, ఆ రాజ్యం ఇచ్చిన మాటను ఆ రాజ్యపు న్యాయస్థానంలోనే నిలదీశాడు. ఇది యువతరానికి చాలలేదు. దేశమంతటి గురించి మాట్లాడని లాగోసు రాజకీయం వారికి ఇరుకనిపించింది. 1938లో నైజీరియన్ యూత్ మూవ్‌మెంట్ చేతిలో ఆయన పక్షం ఓడిపోయింది.

ఆయన ప్రజాజీవితం అంతటితో ముగిసిందని పలువురు భావించారు. కాని 1944 ఆగస్టులో అనేక సంఘాలు కలిసి జాతీయ మండలిగా ఏర్పడినప్పుడు, 79 ఏళ్ల మెకాలేను అధ్యక్షునిగా, ఆయన కంటె నలభై ఏళ్లు చిన్నవాడైన నమ్డీ అజికివేను ప్రధాన కార్యదర్శిగా ఎన్నుకొన్నారు. యోరుబా వృద్ధుడూ ఇబో యువకుడూ ఒకే వేదికపై నిలవడం నాటి నైజీరియాకు ఒక ఆశాసూచన. 1945లో ప్రభుత్వం తెచ్చిన కొత్త చట్టాలలో ఒకటి భూసేకరణకు, ఒకటి సర్కారు భూములకు, ఒకటి ఖనిజాలకు, మరొకటి రాజుల నియామకానికీ తొలగింపుకూ సంబంధించినవి. అపాపా నేలా, ఎలెకో గద్దే మళ్లీ ఎదుట నిలిచినట్లయింది.

ఆ చట్టాలపైనా, ప్రజలను సంప్రదించకుండా రూపొందించిన కొత్త రాజ్యాంగంపైనా దేశమంతటి సమ్మతిని కూడగట్టి లండనుకు ప్రతినిధులను పంపాలని జాతీయ మండలి నిశ్చయించింది. 1946 ఏప్రిల్‌లో పర్యటన మొదలైంది. జీవితమంతా లాగోసు వీధులకే పరిమితమయ్యాడని విమర్శ పడిన మనిషి 81వ ఏట ఉత్తరానికి బయలుదేరాడు. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న కానో నగరంలో ఆయన తీవ్రంగా జబ్బుపడ్డాడు. లాగోసుకు తీసుకొనిరాగా 1946 మే 7న ప్రాణాలు విడిచాడు. ఇకోయి శ్మశానవాటికలో అంత్యక్రియలు జరిగాయి. పర్యటనను అజికివే ముందుకు నడిపించాడు. 1947లో ఆ ప్రతినిధివర్గం వినతిపత్రంతో లండను చేరుకొన్నది.