బైసికిలు వీరుడు మేజర్ టెయిలర్

మహనీయుల చరిత్రములనగా రాజులయు, రణశూరులయు, కవీశ్వరులయు కథలే యని పలువురు తలతురు. మన విద్యార్థులలో అనేకులు ప్రతిదినమును బైసికిలు నెక్కి పాఠశాలకు వచ్చుచున్నారు. ఆ రెండు చక్రముల వాహనముతోడనే లోకప్రఖ్యాతి గాంచిన యొక పురుషుని జీవితము వారికి తెలియుట యుక్తమని యెంచి మేమీ వ్యాసమును వ్రాయబూనితిమి. అతడు అమెరికా దేశమునందలి నల్లజాతికి చెందిన మార్షల్ వాల్టర్ టెయిలర్. లోకము అతనిని మేజర్ టెయిలర్ అని పిలిచెను. స్వదేశమున దొరకని న్యాయమైన పోటీని పరదేశములందు వెదకికొనుచు సముద్రములు దాటిన వాని కథ యిది.

టెయిలర్ 1878 నవంబరు 26వ తేదీన ఇండియానాపోలిసులో జన్మించెను. అతని తండ్రి గిల్బర్టు అమెరికా అంతర్యుద్ధమున ఉత్తరపక్షమున పోరాడినవాడు. అటుపిమ్మట సౌథార్డు అను ధనికుల యింట గుఱ్ఱపుబండి తోలుచు జీవించెను. ఆ యింటి కుమారునికి తోడుగా నుండుటకై బాలుడగు మార్షల్ అచట పెరిగెను. తెల్లవారి బిడ్డతో సమానముగ ఆటపాటలును, తుదకొక బైసికిలును అతనికి లభించెను. కొంతకాలమునకు ఆ కుటుంబము చికాగో నగరమునకు తరలిపోగా, తల్లి తన కుమారుని వారివెంట పంపుటకు సమ్మతింపలేదు. భాగ్యము పోయెను, బైసికిలు మిగిలెను.

ఆ బైసికిలుపై అతడు నేర్చిన వింత విద్యలను జూచి, ఆ ఊరి బైసికిళ్ల వర్తకులు అతనిని తమ కొట్టులో పనికి నియమించిరి. అంగడి యెదుట సైనికుని దుస్తులు ధరించి విన్యాసములు చూపుచు జనమును ఆకర్షించుట అతని పని. ఆ దుస్తుల మూలముననే మేజర్ అను పేరు వచ్చెనని చెప్పుదురు. కాని ఆ ఊరి వై. ఎం. సి. ఏ. వ్యాయామశాలలో ఇతర బాలురవలె ప్రవేశింపబోగా, చర్మము నల్లనిదను కారణమున అతనిని రానీయలేదు. 1894లో అమెరికా బైసికిలు సవారుల సంఘమువారు నల్లజాతివారికి సభ్యత్వము లేదని శాసనమే చేసిరి. ఈ కష్టదశలో లూయీ మంగరు అను మాజీ పందెగాడు అతనిని చేరదీసి, 1895లో మసాచుసెట్సు రాష్ట్రమునందలి ఊస్టరు నగరమునకు తోడ్కొనిపోయెను. అచటి వై. ఎం. సి. ఏ. వారు అతనిని ఆదరముతో చేర్చుకొనిరి.

1896 డిసెంబరులో న్యూయార్కు నగరమున ఆరు దినముల పందెము జరిగెను. నిద్రను జయించి, రాత్రింబవళ్లు ఒకే బాటను చుట్టివచ్చు ఘోరమైన పందెమది. పదునెనిమిదేండ్ల టెయిలర్ అందు 1,732 మైళ్లు తొక్కి ఎనిమిదవవాడుగా నిలిచెను. అయినను అతని నిజమైన బలము దూరమునందు గాక వేగమునందే యుండెను. 1899 ఆగస్టులో కెనడా దేశపు మాంట్రియల్ నగరమున ఒక మైలు పందెమును గెలిచి అతడు ప్రపంచవిజేత యయ్యెను. నల్లజాతివారిలో అంతకుముందు ఏదేని క్రీడయందు ప్రపంచవిజేత యైనవాడు ముష్టియుద్ధ వీరుడగు జార్జి డిక్సను ఒక్కడే. ఆ సంవత్సరము నవంబరులోనే, ముందు యంత్రవాహనము దారితీయగా, మైలు దూరమును ఒక నిమిషము 19 సెకనులలో తొక్కెను.

ఈ విజయములు సులభముగ రాలేదు. పదిమంది కలిసి తొక్కు పందెములందు తెల్లజాతి పందెగాండ్రు కూడబలుకుకొని, ముందొకడు, వెనుకొకడు, ప్రక్క నొకడుగా అతనిని చుట్టుముట్టి కదలనీయకుండిరి. 1897లో టాంటను అను ఊర ఒక పందెము ముగియగానే, ఓడిన యొకడు అతనిని క్రిందికి లాగి, స్పృహ తప్పువరకు గొంతు నులిమెను. ఆ ఘోరమునకు విధింపబడిన శిక్ష 50 డాలర్ల జుల్మానా మాత్రమే. టెయిలర్ తిరిగి కొట్టలేదు. ఆ గుంపులో చిక్కకుండ తప్పించుకొనునంతటి వేగమును సంపాదించుటయే తన ప్రతీకారమని యెంచెను.

1898లో తల్లి మరణించెను. ఆమె దైవభక్తి కుమారునియందు స్థిరపడెను. అతడు బాప్తిస్మము పొంది, ఆదివారమున పందెము తొక్కనని నియమము పూనెను. మద్యమును, పొగాకును ముట్టడయ్యెను. ఐరోపా ఖండమున గొప్ప పందెములు ఆదివారమునందే జరుగుచుండెను. కావున ఫ్రాన్సు దేశమువారు ఎంత పారితోషికము చూపినను అతడు వెళ్లకుండెను. తుదకు వారే దిగివచ్చి, ఆదివారములు మినహాయించి ఒడంబడిక వ్రాసికొనిరి. 1901లో టెయిలర్ ఓడ నెక్కెను.

ఆ కాలమున ఫ్రాన్సువారికి ఎడ్మాండ్ జాక్లెన్ ఆరాధ్యుడు. 1900 సంవత్సరపు ప్రపంచవిజేత. 1901 మే 16వ తేదీన పారిసులోని పార్కు డె ప్రెన్సు మైదానమున వారిరువురును తలపడిరి. ఇద్దరి నడుమ జరుగు ఈ పందెము చూచుటకు విచిత్రముగ నుండును. మొదట ఇరువురును నడకకన్న కొంచెము వేగముగ మాత్రమే సాగుదురు. ముందువాడు గాలిని చీల్చుకొని పోవలెను. వెనుకవానికి ఆ శ్రమ తక్కువ. కావున ప్రతివాడును ఎదుటివానినే ముందుకు నెట్టజూచును. తుదిచుట్టున ఒక్కసారిగ మెఱుపువలె దూకుదురు. ఆ దినమున చలి మిక్కుటముగ నుండెను. టెయిలర్ ఓడిపోయెను. జాక్లెన్ విజయగర్వమున అతనిని వెక్కిరించెను. పదునొకండు దినములకు, మే 27వ తేదీన, మరల పోటీ జరిగెను. టెయిలర్ వరుసగ రెండుసార్లును గెలిచి, చిన్న అమెరికా పతాకమును తీసి ఊపెను. భోజనశాలలందు తనకు చోటీయని దేశపు పతాకమును అతడట్లు పరదేశమున ఎగురవేసెను.

తరువాతి దినములన్నియు ప్రయాణములే. నేడు బెర్లిను, కొలది దినములకు కోపెన్‌హాగను, అటుపిమ్మట ఆంట్వర్పు, బోర్డో, ట్యూరిను. ఊరూర ఆ దేశపు వీరుడు ఎదురుచూచుచుండును. జర్మనీకి చెందిన ఆరెండును, డెన్మార్కుకు చెందిన ఎల్లెగార్డును అతని చేత ఓడినవారిలోనివారు. ఐరోపాలో అతని విజయమునకు వేగ మొక్కటే కారణము కాదని మా అభిప్రాయము. ఇద్దరే తొక్కు పందెమున గుంపుకట్టి అడ్డగించుటకు తావులేదు. న్యాయమైన బాట దొరకినంతనే అతని నిజస్వరూపము లోకమునకు తెలిసెను.

1902 మార్చిలో డెయిసీ మారిసు అను కన్యను వివాహమాడి, ఆ సంవత్సరాంతమున ఆమెతో ఆస్ట్రేలియా చేరెను. తెల్లవారు కానివారి వలసను నిషేధించు చట్టము ఆ దేశమున 1901లోనే చేయబడియుండెను. అయినను జనులు అతనిని గొప్పగా గౌరవించిరి. అచట ఆదివారపు పందెములు లేకుండుట అతనికి మిక్కిలి అనుకూలమయ్యెను. కాని రెండవ యాత్రలో అమెరికా పందెగాండ్రు కొందరచటికే వచ్చి, పూర్వమువలె జట్టుగూడిరి. మెల్బోరను నగరమున వారిలో నొకడు తాకుటచే టెయిలర్ క్రిందపడి తీవ్రముగ గాయపడెను. 1904 మేలో సిడ్నీలో కుమార్తె జన్మింపగా, ఆ దంపతులు కృతజ్ఞతతో ఆ నగరపు పేరు కూడ చేర్చి రీటా సిడ్నీ అని పిలిచిరి. పసిబిడ్డతో స్వదేశము చేరి శాన్ ఫ్రాన్సిస్కోలో దిగగా, భోజనము పెట్టు హోటలే వారికి దొరకలేదు. పరదేశపు నగరము బిడ్డకు పేరిచ్చెను. స్వదేశపు నగరము అన్నము నిరాకరించెను.

శరీరమును మనస్సును అలసి, టెయిలర్ రెండేండ్లకు పైగా పందెములు మానెను. 1907లో మరల ఫ్రాన్సునకు పోయెను. పూర్వపు వేగము తగ్గుచుండెను, కుటుంబపోషణ భారమయ్యెను. తుదకు 1909లో అంతవరకు కాపాడిన నియమమును విడిచి, ఆదివారములందును తొక్కెను. ఈ సంగతిని మేము దాచగోరము. దీర్ఘకాలము లోభమునకు లొంగనివాడు అవసరమునకు లొంగుట చూచి నిందింపక, ఆ భారమెంతటిదో యోచించుట మనకు తగును.

1910లో అతడు పందెములనుండి విరమించెను. వ్యాపారములందు సంపాదన కరగిపోయెను; ఆరోగ్యము చెడెను; సంసారము విడివడెను. తన జీవితచరిత్రమును తానే వ్రాసి, తన ఖర్చుతోనే అచ్చువేయించి, ఇంటింటికి తిరిగి అమ్ముకొనెను. అందు తనను హింసించినవారిపై పగ లేదని తెలిపెను. 1932 జూన్ 21వ తేదీన చికాగోలో, పేదలకు ఉచితముగ చికిత్స చేయు ఆసుపత్రి వార్డులో ప్రాణము విడిచెను. దేహమును అడుగువారు లేక, పేరులేని సమాధిలో పూడ్చిరి. 1948లో పూర్వపు పందెగాండ్రు కొందరు బైసికిళ్ల నిర్మాత ఫ్రాంకు ష్విన్ను ధనసహాయముతో ఆ దేహమును మంచి స్థలమునకు మార్చి, శిలాఫలకమును నిలిపిరి. 1982లో ఇండియానాపోలిసు పందెపు మైదానమునకు అతని పేరిడిరి. 2008లో ఊస్టరులో స్మారకశిల్పము వెలసెను.

సోదర విద్యార్థులారా! టెయిలర్ ఎవరి దయను కోరలేదు. బాటలో తనకును చోటుండవలెనని మాత్రమే కోరెను. అందుకై ఒక మనిషి భూగోళమును చుట్టివచ్చుట అతనికి కీర్తియే గాని, అతని స్వదేశమునకు కాదు. పాటవము గలవానిని గుంపుకట్టి అడ్డగించుట మన ఆటస్థలములందు సయితము జరుగుచుండును. పందెము గెలుచుట కొందరికే సాధ్యము. తోడివానికి బాట విడుచుట అందరికిని సాధ్యము.