దినచర్యయే దీక్షగా: విలియం కేరీ జీవితము

మనుష్యునకు బ్రతుకుతెరువు చూపువారు లోకమున పెక్కురు గలరు. బ్రతుకునకు గమ్యమేదో చూపువారు అరుదు. పొలము దున్నువాడు గాని, మగ్గము నేయువాడు గాని, బడిలో పాఠము చెప్పువాడు గాని, నిన్న చేసిన పనినే నేడును చేయుచు, దీనివలన ప్రయోజనమేమియని ఒకనాడైనను తన్ను తాను ప్రశ్నించుకొనక మానడు. ఆ ప్రశ్నకు నోటిమాటతోగాక తన జీవితముతో బదులు చెప్పిన మహనీయులలో విలియం కేరీ ఒకడు. ఆయన జోళ్లు కుట్టి పొట్ట పోసికొనినవాడు; పిమ్మట కలకత్తానగరమున ఆచార్యపదవి నలంకరించినవాడు; మన తెలుగు భాషకు ఆంగ్లమున వ్యాకరణము వ్రాసి ప్రకటించిన తొలివారిలో చేరినవాడు. క్రీస్తునందలి విశ్వాసము ఆయనకు చేకూర్చిన ముఖ్యమైన వరము నిలుకడ. ఏనాటి పని ఆనాడు చేయుట, చేసినది చెడిపోయినచో మరల మొదలుపెట్టుట, ఈ రెండే ఆయన చరిత్రకు మూలసూత్రములు.

1761వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన ఇంగ్లండులో నార్తాంప్టన్ మండలమందలి పాలర్స్‌పరీ అను పల్లెలో కేరీ జన్మించెను. తండ్రి ఎడ్మండు మొదట నేతపనివాడు. పిదప ఆ గ్రామమునకే బడిపంతులాయెను. బాలునికి మొక్కలన్నను, పక్షులన్నను, పురుగులన్నను ప్రాణము. వానిని తెచ్చి తన గదినిండ నింపుకొనుచుండెడివాడు. కాని ఎండలో తిరిగినచో చర్మవ్యాధి బాధించుచుండుటచే పొలముపని ఆయనకు సరిపడలేదు. అందువలన పదునాలుగవ యేట పిడింగ్టన్ గ్రామమున క్లార్క్ నికల్స్ అను జోళ్లపనివానియొద్ద పని నేర్చుకొన చేరెను. ఆ దుకాణములో ఒక వేదవ్యాఖ్యాన గ్రంథము కనబడెను. అందు నడుమ నడుమ గ్రీకు అక్షరములు గలవు. అవి ఏమియో తెలియక, వానిని కాగితముపై అట్లే గీసికొని, స్వగ్రామమునకు పోయినప్పుడెల్ల చదువు తెలిసిన ఒక నేతగాని నడిగి అర్థము చెప్పించుకొనుచుండెను. ఆయన భాషాపాండిత్యమునకు ఆరంభమిదియే.

అప్పటికి ఆయనకు దైవచింత అంతగా లేదు. తోటి పనివాడైన జాన్ వార్ అను యువకుడు భక్తిపరుడు. ఇరువురును పనిచేయుచునే మతవిషయములు వాదించుచుండిరి. వాదములో గెలుపు కేరీదే. మనశ్శాంతి మాత్రము వార్‌దేనని ఆయనకు తోచుచుండెను. అట్టి సమయమున ఒక చిన్న సంఘటన జరిగెను. క్రిస్మస్ పండుగనాడు ఒక వర్తకుడు కేరీకి కానుకగా ఒక షిల్లింగు నిచ్చెను. అది చెల్లని నాణెమని పిదప తెలిసినది. యజమాని సొమ్ములోని మంచి షిల్లింగును తాను తీసికొని, చెల్లనిదానిని యజమానికి అంటగట్ట దలచెను. ఈ ఒక్క అబద్ధమునుండి గట్టెక్కించినచో ఇకమీదట బుద్ధిగా నుందునని దేవుని ప్రార్థించెనట! దేవుడు గట్టెక్కింపలేదు. మోసము బయటపడెను, ఆయన సిగ్గుతో కొన్ని దినములు వీధిలోనికి రాలేకపోయెను. లోకము దృష్టిలో ఇది అల్పవిషయము. కేరీకి మాత్రము తన హృదయమెట్టిదో తనకు తెలియజేసిన గురూపదేశమాయెను. వాదములు మాని, తన్ను మార్చగల ప్రభువును వెదకుట నాటితో మొదలుపెట్టెను. 1783 అక్టోబరులో నార్తాంప్టన్ పట్టణము చెంత నెన్ నదిలో బాప్తిస్మము పొందెను.

విశ్వాసము కుదిరినదని పని మారలేదు. 1781లో డోరతీ ప్లాకెట్ అను కన్యను వివాహమాడియుండెను, సంసారభారము పెరిగెను. మౌల్టన్ అను గ్రామమున పగలు బడి నడపుచు, ఆదివారమున ఉపదేశించుచు, మిగిలిన వేళ జోళ్లు కుట్టుచుండెను. కుట్టుబల్లయెదుట గోడపై కాగితములు అతికించి గీసిన పెద్ద ప్రపంచపటము వ్రేలాడుచుండెను. ఏ దేశమున జనమెంత, వారి మతమేమి, వారి స్థితి ఎట్టిదను సంగతులు తెలిసినంతవరకు దానిపై వ్రాసికొనెను. బడిపిల్లలకు భూగోళము చెప్పుటకై తోలుముక్కలు కుట్టి గోళమును చేసెను. తోలు కుట్టు చేతికిని, లోకమెల్ల తలచు మనస్సునకును విరోధము లేదని ఆ గోళమే సాక్ష్యము. ఆయన కుట్టిన జోళ్లు కొనుచుండిన గాచ్ అను వ్యాపారి ఈ యువకుని విద్యాసక్తిని గుర్తించి, కుట్టుపనివలన వచ్చు ఆదాయమునకు సరిగా వారమునకు 10 షిల్లింగులు తానే యిత్తునని, ఇక భాషలు చదువుకొమ్మని ప్రోత్సహించెను. లాటిను, గ్రీకు, హీబ్రూ భాషలు ఆయన ఇట్లే నేర్చెను.

1792లో దూరదేశములలో క్రీస్తుసువార్త ప్రకటించుట క్రైస్తవుల విధియని నిరూపించుచు ఒక చిన్న గ్రంథము ప్రచురించెను. ఆ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన కెటరింగ్ పట్టణములో ఒక వితంతువు ఇంట కొందరు మిత్రులు కూడి ఒక సంఘమును స్థాపించిరి. నాడు వ్రాసిన చందాల మొత్తము 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. మరుసటి యేడు జూన్ 13వ తేదీన కేరీ కుటుంబముతో ఓడయెక్కి, నవంబరులో బంగాళాదేశము చేరెను.

ఆ మీదటి యేండ్లు కన్నీటితో నిండినవి. డోరతీ మొదట ఈ ప్రయాణమునకు అంగీకరింపలేదు; చంటిబిడ్డతో, కడపటి క్షణమున, మనస్సు కష్టపెట్టుకొనియే బయలుదేరెను. కలకత్తా చేరిన కొద్దికాలమునకే చేతిలోని సొమ్ము వ్యయమై కుటుంబము నిలువనీడ లేక తిరుగవలసివచ్చెను. 1794లో మాల్డా ప్రాంతమున మద్నాబతీయను చోట ఒక నీలిమందు కర్మాగారమున కేరీకి ఉద్యోగము దొరకెను. ఆ సంవత్సరమే అయిదేండ్ల కుమారుడు పీటరు జబ్బుచేసి చనిపోయెను. కులనియమములకు వెరచి శవమును మోయువారును, గోతిని త్రవ్వువారును దొరకుటయే దుర్లభమాయెను. ఆ శోకముతో డోరతీకి మతిస్థిమితము తప్పెను. 1807లో మరణించువరకు ఆమె కోలుకొనలేదు. ప్రక్కగదిలో ఆమె కేకలు వినబడుచుండ కేరీ తన వ్రాతబల్లయొద్ద పని సాగించుచుండెను. ఏడేండ్లు గడచినను ఆయన బోధ విని బాప్తిస్మము పొందిన దేశీయుడు ఒక్కడును లేడు. ఫలమును చూచి పనిచేయువాడైనచో ఆయన అప్పుడే తిరుగుటోడ యెక్కియుండెడివాడు. పని తనది, ఫలము దేవునిదని నమ్మినవాడగుటచే నిలిచెను.

1800 జనవరిలో ఆయన డేనిష్‌వారి పాలనలోనుండిన శ్రీరామపురమునకు తరలెను. అచట జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ అను సహచరులు లభించిరి. ముగ్గురు కుటుంబీకులును ఒక్క కప్పు క్రింద ఉమ్మడిగా జీవించి, ఎవరి సంపాదన యైనను ఉమ్మడి నిధికే చేర్చుట నియమముగా పెట్టుకొనిరి. ఆ డిసెంబరులోనే కృష్ణపాల్ అను వడ్రంగి బాప్తిస్మము పొందెను. 1801లో బంగాళీ క్రొత్తనిబంధన అచ్చుపడెను. ఆ యేడే కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో కేరీ బంగాళీ బోధకుడుగా నియమింపబడెను. ఆ కళాశాలాధిపతులలో ఒకడైన డేవిడ్ బ్రౌన్ మన బ్రౌనుదొర, అనగా సి. పి. బ్రౌన్ పండితుని తండ్రి. కేరీకి మొదట నెలకు 500 రూపాయలు, పిమ్మట ఆచార్యుడై 1000 రూపాయలు జీతము వచ్చుచుండెను. అందు తన నిరాడంబర జీవనమునకు వలసిన కొంచెము తప్ప మిగిలినదంతయు అచ్చుకూటమునకును, బడులకును పోవుచుండెను.

ఆయన దినమెట్లు గడచెడిదో మనకు తెలియును. ఉత్తరములు తరచుగా వ్రాయలేకపోవుటకు కారణము తెలుపుచు, 1806 జూన్‌లో ఒక మిత్రునికి తన ఒక దినపు కార్యక్రమమును వివరించెను. తెల్లవారుజామున ఆరుగంటలకు ముందే లేచి హీబ్రూ వేదములో ఒక అధ్యాయము చదివి ప్రార్థించెను. పిదప ఇంటివారితో బంగాళీలో ప్రార్థన. టీ కాచులోగా ఒక మున్షీతో పారసీకపాఠము. ఫలాహారము కాగానే ఒక పండితునితో కూర్చుండి సంస్కృతమునుండి రామాయణమును ఆంగ్లీకరించెను. పదిగంటలకు కళాశాల. తిరిగివచ్చి బంగాళీ యిర్మీయా గ్రంథపు అచ్చుచిత్తులు దిద్దెను. భోజనానంతరము కళాశాలా ప్రధానపండితునితో మత్తయి సువార్తను సంస్కృతీకరించెను. సాయంకాలము ఆరుగంటలకు ఒక తెలుగు పండితునియెదుట శిష్యుడై కూర్చుండి మన భాష నేర్చుకొనెను. రాత్రి ఏడున్నరకు సుమారు నలుబదిమంది సభికులకు ఉపదేశము. వారు వెడలిన పిమ్మట పదునొకండు గంటలు కావచ్చువరకు యెహెజ్కేలు గ్రంథము అనువాదము. తుదకు ఆ ఉత్తరము వ్రాసి, గ్రీకు వేదములో ఒక అధ్యాయము చదివి నిద్రించెను.

ఈ దినమున అద్భుతమేదియు లేదు. అట్టి దినములు వేలకొలదిగా కూడినప్పుడు మాత్రము అద్భుతమగుచున్నది. ప్రార్థన వేరు, పని వేరు అని ఆయన విభజించుకొనలేదు. అచ్చుచిత్తు దిద్దుటయు ఆరాధనయే. పరభాషలోని విభక్తి నేర్చుటయు సేవయే. తెలుగు పండితుని పేరు మనకు దక్కలేదు. కాని గోదావరీ కృష్ణల నాడు చూడకయే గంగాతీరమున ఆ మసకచీకటిలో మన అక్షరములు దిద్దుకొనిన విదేశీయుని తలచుకొన్నచో హృదయము కరగకమానదు.

1812 మార్చి 11వ తేదీ సాయంకాలమున శ్రీరామపురపు అచ్చుకూటము అగ్నిపాలాయెను. కాగితపు నిల్వలు, అనేక భాషల అచ్చక్షరములు, ఏండ్ల తరబడి కూర్చిన బహుభాషా నిఘంటువు, సంపూర్ణముగా వ్రాసియుంచిన తెలుగు వ్యాకరణము, కన్నడ అనువాదము, ఇంకను పెక్కు వ్రాతప్రతులు బూడిదయైనవి. కేరీ ఆనాడు కలకత్తాలో నుండెను. మరునాడు మార్ష్‌మన్ పోయి వార్త చెప్పెను. బూడిదను చూచి ఆయన కంట నీరు పెట్టుకొనెను. కాని తమ పనిపై తాము గర్వించినందులకు దేవుడు చెప్పిన బుద్ధిగా దానిని స్వీకరించెను. అచ్చుయంత్రములును, అక్షరములు పోతపోయు ఉక్కు అచ్చులును దక్కినవి. కరగిన లోహము నేరి మరల అక్షరములు పోసిరి. ఇంగ్లండులోని సామాన్యజనులు సుమారు 10,000 పౌండ్లు పంపిరి. ఒకసారి నడచిన త్రోవ రెండవసారి తేలికయని తలచి కేరీ కాలిన గ్రంథములను మొదటి పుటనుండి వ్రాయ మొదలుపెట్టెను. 1814లో తెలుగు వ్యాకరణము అచ్చుపడెను. 1818లో తెలుగు క్రొత్తనిబంధన అచటనే వెలువడెను. బ్రౌనుదొర తెలుగుసీమలో అడుగిడకముందే కాలిపోయి, మరల పుట్టిన పుస్తకమది.

1818లో ఆ మువ్వురు శ్రీరామపుర కళాశాలను స్థాపించిరి. ఆ యేడే బంగాళీలో సమాచారదర్పణము అను పత్రికను వెలువరించిరి. 1820లో వ్యవసాయ, ఉద్యాన సంఘమును కేరీ నెలకొల్పెను. చిన్ననాటి మొక్కల ప్రేమ ఆయనను విడువలేదు. మన సామర్లకోటలో పనిచేసి పిదప కలకత్తా తోటకు అధిపతియైన రాక్స్‌బర్గ్ ఆయన మిత్రుడు. ఆ మిత్రుని వృక్షశాస్త్ర గ్రంథములను కేరీయే పరిష్కరించి అచ్చువేయించెను. 1799లో నదీతీరమున ఒక వితంతువును చితిపై దహించుట కన్నులార చూచి, అడ్డుపడియు ఆపలేకపోయిన నాటినుండి ఆ ఆచారమును మాన్పుటకై ఎలుగెత్తుచుండెను. రామమోహనరాయలు మొదలగువారి కృషియు తోడై, 1829 డిసెంబరులో బెంటింక్ ప్రభువు దానిని నిషేధించెను. శాసనమును బంగాళీలోనికి మార్చుటకై కేరీకి పంపినది ఆదివారమున. ఒక్క గంట ఆలసించినను ఒక ప్రాణము పోవచ్చునని తలచి, ఆనాటి ప్రసంగమును వేరొకరికప్పగించి, సాయంకాలమునకు అనువాదము ముగించెను.

గొప్పవారి చరిత్ర వ్రాయునప్పుడు లోపములు దాచుట తగదు. ఆయన అనువాదములు పెక్కింటిని తరువాతివారు తిరుగవ్రాయవలసివచ్చెను. ఆయన పేర వెలసిన గ్రంథములలో మృత్యుంజయ విద్యాలంకారుడు మొదలగు పండితుల శ్రమయు, పంచానన కర్మకారుడు మలచిన అక్షరములును ఇమిడియున్నవి. అన్నింటికంటె మిన్నగా, కోరని దేశమునకు వచ్చి మతి పోగొట్టుకొనిన డోరతీ చెల్లించిన మూల్యమును మరచుట న్యాయము కాదు. ఒకరికి దారి చూపిన దీపము ప్రక్కవారికి నీడయైనదేమోయను శంక చదువరికి కలుగక తప్పదు. ఆ శంకను దాటవేయక ఎదుర్కొనినప్పుడే ఈ జీవితము మనకు సత్యముగా తెలియును.

పెద్దల విందులో ఒక అధికారి, కేరీ పూర్వము జోళ్లు తయారుచేయువాడు కాడాయని ఎగతాళిగా ప్రక్కవారి నడుగగా, తాను జోళ్లు చేయువాడను కూడ కానని, పాతవి బాగుచేయువాడను మాత్రమేనని ఆయన శాంతముగా చెప్పెను. అంత్యకాలమున చూడవచ్చిన అలెగ్జాండర్ డఫ్ అను యువ బోధకునితో, ఇకమీదట కేరీని గూర్చిగాక కేరీని రక్షించిన ప్రభువును గూర్చి చెప్పుమని కోరెను. 1834 జూన్ 9వ తేదీన శ్రీరామపురముననే తనువు చాలించెను. నలుబది సంవత్సరములకు పైగా ఈ దేశముననుండి, ఒక్కసారియైనను స్వదేశమునకు పోలేదు.

పుస్తకమునందు ప్రీతిగల మన గ్రామయువకులు ఈ చరిత్రను చదువుదురు గాక. ఏ మతమువారైనను ఇందు గ్రహింపదగినది కలదు. గ్రంథాలయములో ఒక్క గంట, పొలములో ఒక్క చాలు, బడిలో ఒక్క పాఠము, వీనిని దైవము చూచుచున్నాడను ఎరుకతో చేసినచో అల్పమైన పనియే లేదు. కాలిపోయిన వ్యాకరణమును మరల మొదటి అక్షరమునుండి వ్రాసినవాడు మనకు నేర్పిన పాఠమిదియే.