రెండు భాషల మధ్య జెరోము

క్రొత్త భాష నేర్చుకొనినవాని పాత భాష చెక్కుచెదరక నిలుచునని మనము అనుకొందుము. లతీను బైబిలును సిద్ధపరచిన జెరోము అనుభవము వేరు.

క్రీ.శ. 347 ప్రాంతమున స్త్రిదోను అను పట్టణములో పుట్టిన ఈయన రోమాలో చదివి, సిసెరో గ్రంథములను ప్రాణముగా ఎంచెను. వాటిని విడిచి ప్రవక్తలను చదువబోయినప్పుడు ఆ శైలి ఆయనకు మోటుగా తోచెడిది.

375 ప్రాంతమున ఆయన సిరియాలోని ఖాల్కిస్ అరణ్యమునకు వెళ్లెను. ఉపవాసములచేత దేహము ఎండినను తలంపులు రోమా వినోదములలోనే తిరుగుచుండెను. అప్పుడు క్రైస్తవుడైన యొక యూదుని ఆశ్రయించి హెబ్రీ అక్షరములు దిద్దసాగెను. ఉపవాసమునకు లొంగని మనస్సునకు ఈ పని అప్పగించెను. గొంతులోనుండి పలుకవలసిన ఆ శబ్దములు పట్టుబడక ఎన్నోమారులు విడిచిపెట్టెను, మరల మొదలుపెట్టెను. పేరుమోసిన పండితుడు ఓనమాలు దిద్దుట ఎంత కష్టమో, రాత్రిబడిలో పలక పట్టిన మన పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు.

386 నుండి బేత్లెహేములో కాపురముండగా బరనీనా అను యూదుడు పాఠము చెప్పుటకు వచ్చెడివాడు. తనవారికి భయపడి నీకొదేమువలె రాత్రివేళనే వచ్చెను. ఆ పాఠములకు జెరోము చాల సొమ్ము చెల్లించెను.

సొమ్ము మాత్రమే కాదు. హెబ్రీ చదివి చదివి తన లతీను తుప్పుపట్టినదనియు, ఆ బుసకొట్టు శబ్దములు తన పలుకును పాడుచేసినవనియు ఆయన వాపోయెను. ఆయన లతీను చక్కగానే యున్నదని పండితులందురు. అయినను ఆ దిగులు బూటకమని మేము తలంపము. రెండు భాషలు తెలిసినవాడు ఒకటి మాటలాడునప్పుడు రెండవది మనస్సులో పూర్తిగా నిద్రపోదని నేటి పరిశోధకులును కనుగొనిరి.

ఇంత నష్టమునకు ఆయన పొందినదేమి? యోనాకు నీడనిచ్చిన చెట్టు సంగతి చూడుడి. పాత లతీను ప్రతిలో అది సొరతీగ; మన తెలుగు బైబిలులోను సొరచెట్టే. జెరోము దానిని ఐవీ అను వేరొక తీగగా మార్చెను. ఉత్తర ఆఫ్రికాలోని ఓయా పట్టణములో ఆ పాఠము చదువగానే సంఘమంతయు గగ్గోలు పెట్టెను. బిషప్పు తన మందను పోగొట్టుకొనునంత పని జరిగెను. 403లో అగస్టీను ఈ సంగతి జెరోమునకు వ్రాసెను. అలవాటైన మాట పోయినప్పుడు జనులకు కలుగు బాధ ఆయనకు తెలియును.

జెరోము ప్రత్యుత్తరమిచ్చెను. హెబ్రీలోని ఆ మొక్కకు లతీనులో పేరే లేదట. అందుచేత ఐవీ అనవలసివచ్చినది. అది వెడల్పాటి ఆకులు గలది, ప్రాకుటకు ఊతకోల అక్కరలేక తన కాండము మీదనే నిలుచునది, కొద్ది దినములలో ఏపుగా ఎదుగునది అని వివరించెను. అది మన పొలముగట్ల మీది ఆముదపు చెట్టేయని చాలమంది పండితుల అభిప్రాయము.